బిల్లు వేరు, బాకీ వేరు

భిలాయిలో సుపేలా చౌక్ దగ్గర మీ బండి వెళ్ళి ఎవరి కారుకో గుద్దుకుందనుకోండి. మనుషులకేమీ కాలేదు. కారు ముందు భాగం మాత్రం నుజ్జయింది. ఇద్దరూ కాసేపు అరుచుకున్నారు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు, షిఫ్టుకు టైమైపోతోందని మీరు వెళ్ళిపోయారు. రెండు రోజులకు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. షోరూం వాళ్ళ ఎస్టిమేటు. అడుగున 80,000 రూపాయలు. మీది ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని, నెలకు చేతికొచ్చేది 16,000. బండి ఇన్సూరెన్సు సంగతి మీకే సరిగ్గా గుర్తులేదు.

ఇలాంటప్పుడు మనవాళ్ళు చేసేవి ఎక్కువగా రెండే. ఫోన్ ఎత్తడం మానేస్తారు, లేదా మర్నాటికల్లా వడ్డీకి తెచ్చి మొత్తం కట్టేస్తారు. చూడ్డానికి మొదటిది పిరికితనం, రెండోది పెద్దమనిషితనం అనిపిస్తుంది. నన్నడిగితే రెండూ ఒకే భయంలోంచి పుట్టినవి. ఆ కాగితం మీద అంకె వేసిందెవరు, దేన్ని చూసి వేశారు అన్నది ఇద్దరూ అడగలేదు.

భిలాయి తెలుగువాళ్ళకు ఆ భయం ఒక పాలు ఎక్కువే. 1950ల్లో ప్లాంటు కడుతున్నప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఖుర్సీపార్‌లో, క్యాంపుల్లో స్థిరపడ్డ కుటుంబాలు మనవి. తాతకు పర్మనెంటు ఉద్యోగం, సెక్టార్‌లో క్వార్టరు. మనవడికి కాంట్రాక్టరు ఇచ్చే గేట్‌పాసు. ఊరిని చీల్చుకుంటూ పోయే జీఈ రోడ్డు, అంటే ఇప్పటి 53వ నంబరు జాతీయ రహదారి, అందరికీ ఒక్కటే. నెహ్రూనగర్ నుంచి వచ్చే పాతిక లక్షల కారూ, పవర్‌హౌస్ నుంచి వచ్చే పాత బజాజ్ బండీ అక్కడ పక్కపక్కనే నడవాలి. తగిలినప్పుడు లెక్కలు మాత్రం సమానంగా ఉండవు. పైగా థానాలో కాగితమంతా హిందీలో ఉంటుంది. ఈ అధ్యాయాన్ని తెలుగులో చదువుతున్నవారు బహుశా యాభై దాటినవారై ఉంటారు. బిల్లు వచ్చేది మాత్రం తెలుగు చదవడం రాని వాళ్ళబ్బాయికి. కాబట్టి చదివి వాడికి చెప్పండి.

అవతలివాళ్ళు పంపింది బిల్లు. అది వాళ్ళు అడుగుతున్న మొత్తం. మీరు న్యాయంగా, చట్టప్రకారం ఇవ్వాల్సింది బాకీ. మీ తప్పు ఎంత, నష్టం నిజంగా ఎంత, అందులో ఇన్సూరెన్సులు భరించేది ఎంత అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే బిల్లు బాకీగా మారుతుంది. ఒక్కోసారి రెండూ సమానమే కావచ్చు. చాలాసార్లు కావు.

మొదటి వారం

ముందు జవాబివ్వండి. మౌనంగా ఉంటే అవతలి మనిషికి మీరు ఎగ్గొట్టేవాడిలా కనిపిస్తారు, అక్కడి నుంచి మాట థానా దాకా పోతుంది. అలాగని "తప్పు నాదే, మొత్తం ఇచ్చేస్తాను" అని రాయకూడదు. ఇది పరువు ప్రశ్న ఒక్కటే కాదు. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మీరు ఎవరికీ తప్పు ఒప్పుకోవడం, డబ్బిస్తానని మాటివ్వడం చేయకూడదని మన దేశంలో మోటారు పాలసీల షరతుల్లోనే ఉంటుంది. మంచితనం కొద్దీ రాసిన ఒక్క మెసేజి, రేపు కంపెనీ చేతిలో సాకు కావచ్చు. "మీ ఎస్టిమేటు అందింది. నా కాగితాలు చూసుకుని ఆదివారం సాయంత్రం మాట్లాడతాను" అంటే చాలు. ఆదివారం సాయంత్రం తప్పకుండా మాట్లాడండి.

తర్వాత, గుర్తున్నదంతా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: ఏ టైము, ఎవరు ఏ వైపు నుంచి వచ్చారు, సిగ్నల్ ఏ రంగులో ఉంది, అవతలి కారు ఇండికేటర్ వేసిందా, ఎదురుగా ఉన్న ఏ దుకాణానికి కెమెరా ఉంది. ఆ దుకాణం వాళ్ళను రెండు మూడు రోజుల్లోనే అడగాలి. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతూ ఉంటుంది. మీ తప్పు నూటికి నూరు పాళ్ళు కాకపోవచ్చు. రాంగ్ సైడులో వచ్చిన కారైతే, చూడకుండా మలుపు తిప్పిన కారైతే కోర్టులు కూడా తప్పును ఇద్దరికీ పంచుతాయి. గుద్దింది చిన్న బండి కాబట్టి తప్పు చిన్న బండిదే అని గుమిగూడిన జనం తీర్మానించవచ్చు. పెద్ద బండిదే ఎప్పుడూ తప్పని తీర్మానించే జనమూ ఉంటారు. రెండింటికీ విలువ లేదు.

ఇక థానా. అవతలివాళ్ళ వస్తువుకు నష్టం జరిగినా, అక్కడ పోలీసు లేకపోతే 24 గంటల్లోపు దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పాల్సిన బాధ్యత మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరుది. ఆ పని మీరే ముందు చేస్తే తర్వాత వచ్చే పిలుపుకు భయపడే అవసరం తగ్గుతుంది. పోలీసులు కేసు రాయగలరు, బండిని పరీక్షకు పెట్టగలరు, లైసెన్సు అడగగలరు. కారు రిపేరు డబ్బు వసూలు చేసిపెట్టడం మాత్రం వాళ్ళ పని కాదు. "సమ్‌ఝౌతా (రాజీ) చేసుకో, ఇప్పుడే రాసివ్వు" అని కుర్చీలో కూర్చోబెట్టి అన్నారంటే, అది సలహా. ఆజ్ఞ కాదు. మర్యాదగానే "ఇంట్లో మాట్లాడి వస్తాను సాబ్" అని బయటికి రావచ్చు. థానాకు వెళ్ళేటప్పుడు ఇరవైమందిని వెంటేసుకుని పోకండి. పార్షద్‌కు, అంటే వార్డు కార్పొరేటరుకు, ఫోన్ కొట్టించే అలవాటు మన బస్తీల్లో ఉంది, దాంతో గొంతులు పెరగడమే తప్ప అంకె తగ్గడం అరుదు. హిందీ బాగా చదవగలిగిన, కోపం తక్కువున్న ఒక్క మనిషి చాలు. చదివించుకోకుండా దేనిమీదా సంతకం పెట్టకండి.

చెక్కు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. "డబ్బు లేదంటావు, సరే, జామీనుగా ఒక ఖాళీ చెక్కు ఇవ్వు" అని అవతలివాళ్ళు అడుగుతారు. అడగడంలో వాళ్ళ తప్పు లేదు, ఇవ్వడంలో మీ తప్పుంది. కారు రిపేరు డబ్బు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. బాకీ ఒప్పుకుని ఇచ్చిన చెక్కు బ్యాంకులో తిరిగొచ్చిందంటే, నోటీసు అందాక 15 రోజుల్లో కట్టకపోతే, అది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మామూలు బాకీని మీ చేత్తో మీరే నేరంగా మార్చుకున్నట్టు. తేదీ వేయని చెక్కు, మొత్తం రాయని చెక్కు, "ఊరికే ఉంచుకుంటాను, బ్యాంకులో వేయను" అన్న చెక్కు, ఏదీ వద్దు. బండి ఆర్‌సీ, ఒరిజినల్ లైసెన్సు, ఆధార్ కార్డు తాకట్టుగా ఇవ్వడమూ అంతే.

ఇన్సూరెన్సు లేదని ఎవరు చెప్పారు?

సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారు కొంటే మూడేళ్ళ, కొత్త ద్విచక్ర వాహనం కొంటే ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒకేసారి తీసుకోవాలన్న నిబంధన వచ్చింది. షోరూంలో కట్టిన డబ్బులోనే అది కలిసిపోతుంది కాబట్టి చాలామందికి తెలియదు. మొదటి ఏడాది తర్వాత "మీ పాలసీ ముగిసింది" అని వచ్చే మెసేజి చాలాసార్లు మీ సొంత బండి నష్టానికి సంబంధించిన భాగం గురించి. ఎదుటివారి నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ భాగం ఇంకా బతికే ఉండవచ్చు. కాబట్టి నాలుగేళ్ళ కిందట కొత్తగా కొన్న బండికి "ఇన్సూరెన్సు లేదు" అనుకోవడం పొరపాటు కావచ్చు. పెట్టెలో పాత కాగితం తీయండి, లేదా ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి. ఏం చేసినా ఎవరికీ మాట ఇవ్వకముందే చేయండి.

థర్డ్ పార్టీ పాలసీ బతికే ఉంటే మీ పని చాలా తేలిక. ఎదుటివారి ఆస్తి నష్టానికి మామూలుగా ద్విచక్ర వాహనం పాలసీలో లక్ష రూపాయల దాకా, కారు పాలసీలో 7.5 లక్షల దాకా కవరేజి ఉంటుంది. 80,000 అందులో ఇమిడిపోతుంది. వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి, ఆ మెయిల్ కాపీ దాచుకోండి. అవతలివారికి పాలసీ నంబరు ఇచ్చి, కావాలంటే దుర్గ్‌లోని మోటారు యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దావా వేసుకోవచ్చని చెప్పండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దావా వేయాలని చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతోంది. రేపు సమన్లు మీ పేరున కూడా వస్తాయి. కంగారు పడకుండా వాటిని కంపెనీకి పంపండి, వాయిదా రోజున హాజరవండి. వెళ్ళకపోతే మీ మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది.

ఒక మెలిక ఉంది. నడిపిన మనిషికి సరైన లైసెన్సు లేకపోతే, కంపెనీ ముందు బాధితుడికి కట్టి ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసుకోవచ్చని 2004 నుంచి సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి. మైనరు కుర్రాడికి బండి ఇచ్చిన తండ్రి పరిస్థితి ఇంకా కష్టం. 199ఏ సెక్షన్ కింద 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఇన్సూరెన్సే లేకుండా నడిపినందుకు జరిమానా మొదటిసారి 2,000, మళ్ళీ దొరికితే 4,000, మూడు నెలల దాకా జైలు కూడా వేయవచ్చు. అది ప్రభుత్వానికి కట్టేది, అవతలివారి కారుకు దానితో సంబంధం లేదు.

80,000లోంచి 25,800

ఇప్పుడు కఠినమైన సంగతి చూద్దాం. వెదికారు, నిజంగానే ఇన్సూరెన్సు లేదు. తప్పు కూడా మీదే. అయినా 80,000 మీ బాకీ అని ఇంకా ఒప్పుకోకండి.

అవతలి కారుకు సమగ్ర పాలసీ ఉండవచ్చు. కాబట్టి ఆదివారం సాయంత్రం మీరు అడగాల్సిన మొదటి మాట: "అన్నా, మీ పాలసీలో క్లెయిమ్ చేసుకుంటే మీ చేతి నుంచి ఎంత పడుతుంది? ఆ మొత్తం గురించి మాట్లాడుకుందాం." హిందీలో అడిగినా ఛత్తీస్‌గఢీలో అడిగినా ఇదే అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో చర్చ తీరే మారిపోతుంది.

ఆయన చేతి నుంచి ఎంత పడుతుందో ముందే మీరు సుమారుగా లెక్క కట్టవచ్చు. ఇన్సూరెన్సు సర్వేయర్లు పార్టుల మీద తరుగు లెక్కిస్తారు. ప్లాస్టిక్, రబ్బరు పార్టులకు సగం తీసేస్తారు. గాజుకు ఏమీ తీయరు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి: ఐదేళ్ళు దాటి పదేళ్ళలోపు కారైతే 40 శాతం. పెయింటింగులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి, అందులో సగం కోస్తారు. మెకానిక్ కూలికి కోత లేదు.

మన ఊహాత్మక కారుకు ఆరేళ్ళు అనుకుందాం. బిల్లులో బంపరు 9,000, హెడ్‌లైట్లు 14,000, బోనెట్ 12,000, ఫెండర్ 5,000, రేడియేటరు, దాని సపోర్టు 10,000, పెయింటింగు 20,000, లేబరు 10,000. కూడితే 80,000. తరుగు పోగా బంపరుకు 4,500, హెడ్‌లైట్లకు 7,000, బోనెట్‌కు 7,200, ఫెండరుకు 3,000, రేడియేటరుకు 6,000, పెయింటింగుకు 17,500, లేబరుకు 10,000 వస్తాయి. మొత్తం 55,200. అందులోంచి 1,500 సీసీ లోపు కార్లకు తప్పనిసరిగా మినహాయించే 1,000 రూపాయలు పోతే కంపెనీ ఇచ్చేది 54,200. ఆయన చేతి నుంచి పడేది 25,800. దానికి తోడు వచ్చే ఏడాది ఆయనకు నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అదీ నిజమైన నష్టమే, లెక్కలో చేర్చండి. ఆయన తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ పాలసీ తీసుకుని ఉంటే చేతి నుంచి పడేది ఇంకా బాగా తగ్గుతుంది.

ఇది మీరు ఎగవేతకు వాడే లెక్క కాదు. ఆయనకు ప్రీమియం కట్టిన పాలసీ ఉంది, అది ఉన్నది ఇందుకే. మీ వల్ల ఆయన నష్టపోయిన తేడాను మీరు భరిస్తున్నారు. అయితే దాచకూడని సంగతి ఒకటుంది. డబ్బు కట్టిన కంపెనీ, తన పాలసీదారు స్థానంలో నిలబడి మీ మీద రికవరీకి రావడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ నోటీసు వస్తే చెత్తబుట్టలో వేయకుండా లాయరుకు చూపించండి, అక్కడా రాజీకి, వాయిదాలకు చోటుంటుంది.

ఆయనకూ పాలసీ లేకపోతే? అప్పుడు కూడా షోరూం ఎస్టిమేటే చివరి మాట కాదు. పవర్‌హౌస్, సుపేలా వైపు డెంటింగ్-పెయింటింగ్ చేసే మంచి మెకానిక్‌ల దగ్గర ఇంకో రెండు ఎస్టిమేట్లు రాయించండి. ఇద్దరూ కలిసి వెళ్ళి రాయిస్తే మరీ మంచిది. మార్చాల్సిందేది, కొట్టి సరిచేస్తే సరిపోయేదేది అని పార్టు పార్టుకూ అడగండి. ఉక్కు ఊళ్ళో పుట్టి పెరిగిన మనకు రేకు వంచడం, నిఠారు చేయడం ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. పాత గీతలు, ఎప్పటివో సొట్టలు మీ పద్దులో పడకుండా ప్రమాదం రోజు ఫొటోలతో పోల్చి చూడండి. షోరూంలోనే చేయించాలని ఆయన పట్టుబడితే, దానికి కారణం ఉండవచ్చు. కారు కొత్తదైతే వారంటీ పోతుందన్న భయం న్యాయమైనదే. ఎనిమిదేళ్ళ కారుకు ఆ వాదన నిలవదు.

వడ్డీ డబ్బు, వాయిదా డబ్బు

పరువు కోసం ఒకేసారి కట్టేద్దామని నూటికి ఐదు రూపాయల వడ్డీకి 80,000 తెచ్చారనుకోండి. నెలకు వడ్డీయే 4,000. ఏడాది తిరిగేసరికి 48,000 కట్టి ఉంటారు, అసలు మాత్రం అలాగే ఉంటుంది. అదే 4,000ను నెలనెలా వాయిదాగా అవతలివారికే ఇస్తే, 25,800 బాకీ ఏడో నెలలో తీరిపోతుంది. జేబులోంచి పోయే నోట్లు అవే. వెళ్ళే చోటు వేరు.

కాబట్టి అప్పు చేయాల్సి వస్తే బాకీ తేలాకే చేయండి, బిల్లు చూసి కాదు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తెచ్చుకునే రుణం వీధి వడ్డీకన్నా ఎంతో నయం. అది ఇంటావిడ బంగారం కాబట్టి ముందు ఆవిడకు జరిగిందంతా చెప్పాల్సి ఉంటుంది. నా దృష్టిలో అదీ ఒక లాభమే. మీరు సహకార క్రెడిట్ సొసైటీలో సభ్యులైతే అక్కడ అడగండి. చీటీ పాడి తీసుకునేటట్టయితే పాటలో ఎంత పోతుందో చూసుకోండి.

వాయిదాల మాట ఎలా ఎత్తాలి? "ఎంత ఇవ్వగలవు?" అని అడిగేదాకా ఆగకుండా మీరే ఒక కాగితం తీసుకెళ్ళండి. జీతం, అద్దె, పిల్లల ఫీజు, మందులు, మిగిలేది. మిగిలే దానికన్నా కాస్త తక్కువే ఒప్పుకోండి. నెలకు 5,000 అని రెండో నెల తప్పేవాడికన్నా 3,000 అని తొమ్మిది నెలలు తేదీ తప్పని వాడి మాటకు విలువ ఎక్కువ. మొదటి వాయిదా అక్కడికక్కడే ఇవ్వగలిగితే అవతలి మనిషి గొంతు మారడం మీరే గమనిస్తారు. డబ్బంతా యూపీఐ ద్వారానో బ్యాంకు ద్వారానో పంపండి. చేతికిచ్చిన నోటుకు సాక్ష్యం ఉండదు.

కుదిరాక కాగితం రాసుకోవాలి. తేదీ, చోటు, రెండు బండ్ల నంబర్లు, మొత్తం, వాయిదాల తేదీలు, ఇవి పూర్తయ్యాక ఈ ప్రమాదంలో కారు నష్టానికి సంబంధించి ఇంకేమీ అడగనన్న వాక్యం, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. ఆయన తన కంపెనీ దగ్గర క్లెయిమ్ తీసుకుంటున్నట్టయితే ఆ సంగతి కూడా దాచకుండా రాయాలి. మీ ఇద్దరి మధ్య నమ్మకం చాలదనిపిస్తే దుర్గ్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి. కోర్టు కేసు కాకముందే తగాదాను లోక్ అదాలత్‌లో పెట్టుకోవచ్చు. జాతీయ లోక్ అదాలత్‌లు ఏడాదికి నాలుగుసార్లు జరుగుతున్నాయి. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిమీద అప్పీలు లేదు. అంటే ఒప్పుకున్నాక తప్పితే నేరుగా అమలుకు రావచ్చు. ఇవ్వగలిగిందే ఒప్పుకోవాలని ఇందాక చెప్పింది ఇక్కడ ఇంకా ముఖ్యం.

ఉచిత న్యాయ సహాయం బీదరికం సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళకే అనుకుంటారు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్‌లో ఆదాయంతో పని లేకుండా అర్హులైనవారి జాబితా ఉంది. మహిళలు, ఎస్సీ ఎస్టీలతోపాటు పారిశ్రామిక కార్మికులూ అందులో ఉన్నారు. కార్మికుల చెమటతో లేచిన ఊళ్ళో ఆ ఒక్క ముక్క ఇంతమందికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

మీరు సొంత బండి మీద కాక యజమాని బండి నడుపుతూ గుద్దారనుకోండి. నష్టానికి బాధితుడి ముందు యజమాని కూడా జవాబుదారే. కాంట్రాక్టరో ట్రావెల్స్ వాళ్ళో రిపేరు డబ్బంతా మీ జీతంలో కోసేస్తామంటే, పాత వేతనాల చెల్లింపు చట్టమైనా 2019 వేతన కోడ్ అయినా కొన్ని హద్దులు పెట్టాయి. నష్టం మీ నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, మీ సంజాయిషీ వినాలి, నష్టాన్ని మించి కోయకూడదు.

జైలు భయం

"కట్టకపోతే లోపల వేయిస్తా" అన్న మాట వినని బాకీదారు ఉండడు. నిజం ఇది. ర్యాష్‌గా నడిపారని, ఎవరికైనా దెబ్బలు తగిలాయని పెట్టే కేసు ఒక దారి, కారు డబ్బు ఇంకో దారి. డబ్బు దారిలో కోర్టు మీ మీద డిక్రీ ఇచ్చినా, కట్టే స్తోమత నిజంగా లేనివాణ్ణి ఆ కారణంగా జైల్లో పెట్టకూడదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాసింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. స్తోమత ఉండీ ఆస్తులు దాచేవాడికి ఆ రక్షణ లేదు.

జీతం మీద జప్తుకూ హద్దుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మామూలు డిక్రీకి మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 16,000 జీతంలో నెలకు 5,000కు మించి జప్తు కాదు. ఒక డిక్రీకి 24 నెలలు జప్తు జరిగాక దానికి మళ్ళీ జీతం జోలికి రాకూడదు. ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ జప్తుకు అతీతం. వాయిదాల్లో కట్టేలా తీర్పులోనే రాయమని కోర్టును అడిగే హక్కు కూడా ఆ కోడ్‌లో ఉంది. అడగనివాళ్ళకు కోర్టు తనంతట ఇవ్వదు. ట్రిబ్యునల్ తీర్పుల సంగతి కొంచెం వేరు. అక్కడి మొత్తాన్ని కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలు చేసే వీలుంది కాబట్టి వాటిని తేలిగ్గా తీసుకోకండి. ఈ హద్దులన్నీ తెలుసుకున్నాక ఆదివారం చర్చకు వెళ్ళిన మనిషి, తెలియక వెళ్ళిన మనిషిలా వణకడు. అరవడు కూడా.

ఎవరికైనా దెబ్బలు తగిలితే మాత్రం పైన చెప్పిన బేరసారాలేవీ మొదట పనికిరావు. ముందు ఆసుపత్రి. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితుడికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు 1.5 లక్షల రూపాయల దాకా నగదు రహిత చికిత్సకు వీలుంది. గాయాలకు, ప్రాణాలకు పరిహారం తేల్చేది ట్రిబ్యునల్. బాధితుడి ఇంటికి వెళ్ళి పలకరించడం మనిషితనం, మందులకు సాయం చేయడం కూడా. మొత్తం వ్యవహారాన్ని ఒక అంకెకు తెగ్గొట్టి గుమ్మం దగ్గరే సంతకాలు పెట్టించుకోవడం మాత్రం రెండువైపులా ప్రమాదం. అది లాయరు పక్కన ఉండగా జరగాల్సిన పని.

ఆఖరి వాయిదా కట్టిన రోజున "పూర్తిగా ముట్టింది" అని రాయించుకోండి. అదే వారంలో థర్డ్ పార్టీ పాలసీ తీసుకోండి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఏడాదికి 714 రూపాయలు, 1,000 సీసీలోపు కారుకు 2,094, దానిపైన 1,500 సీసీ వరకు 3,416. పన్ను అదనం.

ఇంకో పని కూడా మిగిలి ఉంటుంది, దాన్ని ఎవరూ ప్రమాదంతో కలిపి ఆలోచించరు. ఎప్పుడో అమ్మేసిన మీ పాత బండి ఆర్‌సీలో ఇంకా ఎవరి పేరుంది? చేతులు మారుతూ పోయిన ఒక కారు కేసులో, ఆర్‌సీలో పేరు మారలేదు కాబట్టి పరిహారానికి మొదటి యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు ముగిసి ఊరెళ్ళిపోతూ తోటివాడికి బండి చేతిలో పెట్టి, డబ్బు తీసుకుని, కాగితాలు తర్వాత చూద్దామనుకున్నవాళ్ళు మనలో తక్కువేమీ కాదు. సీజీ 07తో మొదలయ్యే ఆ నంబరును యాప్‌లో కొట్టి చూడండి. ఇంకా మీ పేరునే ఉందని తేలితే కొన్నవాణ్ణి వెంటబెట్టుకుని, 29, 30 నంబరు ఫారాలు నింపి దుర్గ్ ఆర్టీవో ఆఫీసుకు వెళ్ళండి.